ముల్లు ఎక్కడ నిలవాలి?

రికార్డింగు చరిత్ర రాసేవాళ్ళంతా యంత్రాల చరిత్రే రాస్తారు. మైనపు గొట్టం, లక్క పళ్ళెం, టేపు, క్యాసెట్టు, ఇప్పుడు చొక్కా జేబులో పట్టే డబ్బా. ఫలానా ఏడాది ఫలానా కంపెనీ ఫలానా మోడల్ తెచ్చిందని వరసగా చెప్పుకుపోతారు. ఆ యంత్రం పక్కన కూర్చున్న మనిషి వేలు ఏ నాబ్ మీద ఉంది, దాన్ని ఎంతవరకు తిప్పి ఆపాడు, ఎందుకక్కడే ఆపాడు అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ఇవాళ మనకి వినబడుతున్న పాత గొంతులు ఇలా వినబడటానికీ, కొన్ని అసలు వినబడకుండా పోవటానికీ ఆ వేలే చాలావరకు కారణం.

నాకిదొక వ్యాపకం. అమెరికాలో మా ఊరికి ఏటా వేసవిలో ఆరు నెలల వీసా మీద అమ్మానాన్నలు, అత్తమామలు దిగుతారు. మధ్యాహ్నాలు పిల్లలు ఆఫీసులకి, మనవలు సమ్మర్ క్యాంపులకి వెళ్ళాక ఇంట్లో వాళ్ళొక్కరే ఉంటారు. సెలవు దొరికినప్పుడు వెళ్ళి కూర్చుని పాటలో, ఊరి సంగతులో చెప్పించుకుని రికార్డు చేస్తుంటాను. ఈ సంగతి తెలిసిన మిత్రులు అడిగే ప్రశ్న ఒక్కటే, "ఏ మైకు కొనమంటావు?" అని. లెవెల్ ఎంత పెట్టాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఎవరూ అడగని ఆ ప్రశ్నకి ఒక చరిత్ర ఉంది. కాస్త ఓపిగ్గా వింటే చెబుతాను.

మొదట్లో నాబే లేదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తాలో దిగి గౌహర్ జాన్ పాట పట్టినప్పుడు కరెంటూ లేదు, మైకూ లేదు. పెద్ద బూర, దాని చివర ఒక పల్చటి పొర, ఆ పొరకి అంటించిన సూది, కింద తిరిగే మైనం. పాడే గొంతులోని బలమే సూదిని కదిలించాలి. అంటే శబ్దాన్ని పెంచే ఏర్పాటు ఏదీ లేదు, దూరమే నాబ్. మెల్లటి చరణానికి తల బూరలో పెట్టినంత దగ్గరికి రావాలి, పైస్థాయికి వెళ్ళినప్పుడు వెనక్కి జరగాలి. ఆ రోజుల స్టూడియోల్లో గాయకుల్ని భుజాలు పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపే పని కూడా ఒకటుండేది. ఇవాళ మనం వేళ్ళతో చేసే పనిని వాళ్ళు మనిషిని మనిషినే కదిలించి చేశారు.

దీని ఫలితం గురించి మనం అంతగా ఆలోచించం. బూర ముందు నిలబడేది గట్టి గొంతు ఒక్కటే. కచేరీ పాటకీ, నాటకం పద్యానికీ ఆ యంత్రం సరిపోయింది. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని, పక్కగదికి కూడా వినబడకుండా పాడే జోలపాటని పట్టుకోవటం దానికి చేతకాదు. బూరకోసం గొంతెత్తి పాడితే అది జోలపాటే కాదు. గ్రియర్సన్ భారతీయ భాషల సర్వే కోసం 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో గ్రామఫోను పళ్ళేలు చేయించినప్పుడు అందులో మద్రాసు నుంచి తెలుగు కూడా చేరింది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు వాటిని అందరికీ వినబడేలా పెట్టారు. తప్పిపోయిన కొడుకు కథని రకరకాల భాషల్లో చెప్పించటం ఆ సర్వే పద్ధతి. ఎన్ని భాషలైనా కానివ్వండి, పళ్ళెం మీదికి ఎక్కాలంటే గట్టిగా, నిలకడగా చెప్పాల్సిందే. తండ్రి కొడుకుని కావిలించుకున్నప్పుడు మాట తడబడితే అది మైనంలో గీత పడదు.

పల్లెల్లోకి యంత్రాన్ని మోసుకెళ్ళటం కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1890లో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే ఆయన అమెరికా ఈశాన్యపు కొసన, మెయిన్ రాష్ట్రంలో, పాసమక్వాడీ జాతి వాళ్ళ పాటలూ కథలూ ఎడిసన్ గొట్టాలమీద పట్టాడు. ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ అనే ఆవిడ 1907 నుంచి దశాబ్దాలపాటు అదే పని చేసింది. బరువు పెద్దగా లేని యంత్రం, బ్యాటరీ అక్కర్లేదు, కీ ఇస్తే చాలు. మోసుకెళ్ళడానికి దానంత వీలైంది ఆ తర్వాత చాలా ఏళ్ళదాకా మళ్ళీ రాలేదు.

1925లో విద్యుత్ రికార్డింగు వచ్చింది. మైకు, వాల్వుల ఆంప్లిఫయరు, కరెంటుతో కదిలే సూది. మొదటిసారి శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించే అధికారం పాడేవాడి గొంతునుంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళింది. 1933లో జాన్ లోమాక్స్, అతని పద్దెనిమిదేళ్ళ కొడుకు ఆలన్ ఫోర్డు కారు వెనక 315 పౌన్ల యంత్రం వేసుకుని దక్షిణాది జైళ్ళ చుట్టూ తిరిగారు. లూయిజియానాలోని అంగోలా జైల్లో లెడ్‌బెల్లీ వాళ్ళకి దొరికింది ఆ ప్రయాణంలోనే. పళ్ళెం మీద లెవెల్ తప్పితే శిక్ష కళ్ళముందే కనబడుతుంది. తక్కువ పెడితే గరగరలో పాట మునిగిపోతుంది. ఎక్కువ పెడితే సూది అటూ ఇటూ మరీ ఊగి పక్క గాడిలోకి కోసేస్తుంది. పళ్ళెం పాడైపోతుంది, పాడినవాడు ఇంకోసారి పాడాలి. జైల్లో పాడేవాడికి ఇంకోసారి పాడే తీరికా మనసూ ఉన్నాయో లేదో అడిగేవాళ్ళెవరు?

ఇక ముల్లు దగ్గరికి వద్దాం. అధికారం చేతికొచ్చింది గానీ ఎంత తిప్పాలో చూసి చెప్పే సాధనం ఒకటి కావాలి. రేడియో కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కో రకం మీటరు వాడేవి. ఒకళ్ళ సున్నా ఇంకొకళ్ళ సున్నా కాదు. టెలిఫోను తీగమీద కార్యక్రమం పంపితే అటువైపు వాళ్ళకి ఎక్కువో తక్కువో అయ్యేది. బెల్ ప్రయోగశాల, సీబీఎస్, ఎన్‌బీసీ వాళ్ళు కలిసి కూర్చుని 1939లో ఒక మీటరు ఖాయం చేశారు. అదే వీయూ మీటరు. పాత టేప్ డెక్కులమీద లేత పసుపు ముఖం, ఎడమనుంచి కుడికి ఊగే నల్ల ముల్లు, సున్నా దాటాక ఎర్ర గీత అందరూ చూసే ఉంటారు.

ఈ ముల్లు ఉద్దేశపూర్వకంగానే నెమ్మది. శబ్దం వచ్చాక దాని అసలు స్థాయికి చేరటానికి సుమారు 300 మిల్లీసెకన్లు పడుతుంది. మన చెవికి ఎంత గట్టిగా తోస్తుందో దానికి దగ్గరగా చూపించాలని అలా చేశారు. మనిషి మాటకి అది బాగానే పనిచేస్తుంది. కానీ మిల్లీసెకన్లలో వచ్చిపోయే దెబ్బ దానికి కనబడదు. ఇంగ్లండులో బీబీసీ వాళ్ళు దాదాపు అదే కాలంలో ఇంకో దారి పట్టారు. వాళ్ళ మీటరు ముల్లు చటుక్కున లేస్తుంది, నింపాదిగా దిగుతుంది. అది చూపించేది శిఖరాలు.

రెంటికీ తేడా మన బుర్రకథలో పెట్టి చూడండి. కథకుడి భుజం మీద తంబురా, కుడిచేతి వేళ్ళకి లోహపు అందెలు. పక్కన ఇద్దరు వంతలు, వాళ్ళ చేతుల్లో డక్కీలు. కథకుడి మాటకి వీయూ ముల్లు చక్కగా మధ్యలో ఊగుతూ ఉంటుంది. కానీ ఆ అందెలు ఒకదానికొకటి తగిలినప్పుడు వచ్చే టంగుమనే దెబ్బ ముల్లు చూపించినదానికన్నా పది, పదిహేను డెసిబెల్స్ పైన ఉంటుంది. ముల్లు అసలు కదిలినట్టే ఉండదు. రోకటిపాట అయితే మరీ ఘోరం. రోలులో పడే రోకలి పోటు ఒకటి, మధ్యలో సువ్వీ సువ్వీ అనే గొంతు ఒకటి. పోటుకి సరిపెడితే గొంతు అడుగున పడుతుంది. గొంతుకి సరిపెడితే ప్రతి పోటూ పగిలిపోతుంది. పాటని రోలు దగ్గరనుంచి తీసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టి పాడించిన రికార్డింగులు ఎన్నో ఉన్నాయి. చాలావాటికి కారణం శాస్త్రీయమైన ఆలోచనేమీ కాదు, ఆ రోకలిని భరించే లెవెల్ దొరక్క.

టేపు వచ్చాక పరిస్థితి మారింది. 1935లో బెర్లిన్ ప్రదర్శనలో పెట్టిన మాగ్నెటోఫోన్ యుద్ధం అయ్యాక అమెరికా చేరింది. టేపు దయగల వస్తువు. దానికి ఎక్కువ లెవెల్ పెడితే ఒక్కసారిగా విరగదు. కొంచెం కొంచెంగా మూలుగుతుంది, శిఖరాల్ని మెల్లగా గుండ్రం చేస్తుంది, చెవికి కొన్నిసార్లు బాగుంటుంది కూడా. కింద మాత్రం ఎప్పుడూ ఉస్సుమనే మోత ఉంటుంది. అందుకని టేపు తరం వాళ్ళంతా ఒకే మాట నేర్చుకున్నారు, వీలైనంత పైకి పెట్టు అని. ఆ మాట టేపు పోయినా పోలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

వార్సాలో పుట్టి స్విట్జర్లాండులో స్థిరపడ్డ స్టెఫాన్ కుడెల్‌స్కీ 1951లో మొదటి నాగ్రా చేశాడు. పోలిష్ భాషలో ఆ మాటకి 'రికార్డు చేస్తుంది' అని అర్థం. మొదటిది కీ ఇస్తే తిరిగేది. 1950ల చివర్లో వచ్చిన మూడో నాగ్రా ఆరేడు కిలోలు, పన్నెండు పెద్ద టార్చిలైటు బ్యాటరీలు. ఒక మనిషి భుజాన తగిలించుకుని నడవగలిగిన స్టూడియో. సినిమావాళ్ళు దాన్ని ఎలా వాడారో చాలామంది రాశారు గాని, నాకు ముఖ్యంగా తోచేది దాని ముల్లు. కుడెల్‌స్కీ అందులో వీయూ పెట్టలేదు, శిఖరాన్ని చూపించే మీటరు పెట్టి దానికి మాడ్యులోమీటర్ అని పేరిచ్చాడు. బయట తిరిగే మనిషికి ఏ చప్పుడు ఎటునుంచి వస్తుందో తెలియదు, వాడికి సగటు అక్కర్లేదు, ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో తెలియాలి అని ఆయన గ్రహించాడు.

మోసుకెళ్ళగల టేపు యంత్రం మన సాహిత్యానికి ఏం చేసిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. బిరుదురాజు రామరాజుగారి తరం జానపద గేయాల్ని సేకరించింది ముఖ్యంగా కలంతో. పాడినవాళ్ళు ఆగి ఆగి చెబితే రాసుకోవటం. 1970లలో అమెరికానుంచి వెళ్ళిన జీన్ రోగెయిర్ పల్నాడులో ఆలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరకథని టేపుమీద పట్టి, దాని ఆధారంగా 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. శ్రీనాథుడి పేరుమీద ఉన్న కావ్యం పక్కన, ఒక మాల గాయకుడి నోటి కథ తన పేరుతో సహా నిలబడింది. రాత్రుళ్ళు గంటల తరబడి సాగే కథని, దాని వేగంతోనే, ఆపకుండా పట్టుకోవటం కలంతో అయ్యే పని కాదు.

కానీ మనలో చాలామంది ఇళ్ళలో మిగిలిన గొంతులు నాగ్రాలవి కావు. క్యాసెట్లవి. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్టు పదిహేనేళ్ళలో మన పల్లెల్లోకి వచ్చేసింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమలనుంచి గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు టూ-ఇన్-వన్ చంకన పెట్టుకుని విమానం దిగేవారు. ఉత్తరం రాయటం రాని ఇళ్ళలో క్యాసెట్టే ఉత్తరం. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి. తల్లి మాట్లాడుతుంది, వెనకనుంచి చెల్లెలు ఏదో అందిస్తుంది, పిల్లవాడిచేత పద్యం చెప్పిస్తారు.

ఆ టూ-ఇన్-వన్‌లమీద రికార్డింగు లెవెల్ నాబ్ ఎక్కడా ఉండదు, వెతకండి. లోపల ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. శబ్దం ఎక్కువైతే గెయిన్ తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ అని దాని పేరు. కొన్నవాడు ఏమీ నేర్చుకోనక్కర్లేదు, ఎర్ర బొత్తాం నొక్కితే చాలు. అది లేకపోతే ఆ తల్లుల గొంతులు ఇవాళ ఉండేవే కాదు, అందుకు దానికి దండం పెట్టవలసిందే. కానీ అది చేసే పని ఏమిటో కూడా తెలియాలి. తల్లి మాట ఆపుతుంది. ఒక క్షణం నిశ్శబ్దం. 'ఇదేమిటి, శబ్దం లేదు' అని సర్క్యూట్ గెయిన్ పెంచుతూ పోతుంది. అంతవరకు ఎక్కడో ఉన్న ఫ్యాను పైకి లేస్తుంది. పెరట్లో కోడి గదిలోకి వచ్చేస్తుంది. ఆవిడ మళ్ళీ నోరు తెరవగానే అన్నీ చటుక్కున కిందికి పడతాయి. పాత క్యాసెట్లు వింటుంటే ఊరంతా ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంటుందే, అది ఇదే.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. ఆ సర్క్యూట్ దృష్టిలో గుసగుస, కేక ఒకటే. రెంటినీ ఒకే ఎత్తుకి తెస్తుంది. తిట్టినప్పుడు ఎంత గట్టిగా వినబడుతుందో, ఏడుపు ఆపుకుంటూ చెప్పినప్పుడూ అంతే గట్టిగా వినబడుతుంది. మాటలు మిగులుతాయి, మాట ఎత్తు పోతుంది.

ఇలాంటి క్యాసెట్లు డిజిటల్‌లోకి మార్చేటప్పుడు నేనొక చిన్న ఉపాయం కనిపెట్టుకున్నాను. గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంటే దాని చప్పుడు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. టేపుమీద అది పెరిగినట్టు వినబడిందంటే పెరిగింది ఫ్యాను కాదు, గెయిన్. అంటే ఆ ఫ్యాను మోతే కొలబద్ద. మాటల మధ్య ఖాళీల్లో ఫ్యాను ఎంత ఎత్తున ఉందో కొలిచి, అంత మేరకు అక్కడ తగ్గించుకుంటూ పోతే, సర్క్యూట్ చదును చేసిన ఎత్తుపల్లాలు కొంతవరకు తిరిగి వస్తాయి. గంట క్యాసెట్టుకి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. అందరూ విసుక్కునే ఆ ఫ్యాను చప్పుడు తీసేయమని ఎవరైనా అడిగితే ముందు ఈ పని అయ్యాకే తీస్తాను.

1980లలో సోనీ టీసీ-డీ5ఎం, ఆ తర్వాత వాక్‌మన్ ప్రొఫెషనల్ వచ్చాయి. చేతితో లెవెల్ పెట్టుకునే మంచి క్యాసెట్ రికార్డర్లు. మన విద్యార్థుల చేతికి అందే ధరలు కావు. 1987లో డాట్, 1992లో మినీడిస్క్ వచ్చాయి. ఇక్కడినుంచి అంకెల కాలం. బయటి ప్రీఆంప్ కథ మొదలయ్యేది కూడా ఇక్కడే.

డిజిటల్‌కి పైన ఒక కప్పు ఉంటుంది, దాని పేరు సున్నా. టేపులాగా సున్నా దాటాక మూలగదు. కప్పు తగిలిన అల తల నరికినట్టు చదును అయిపోతుంది. 16 బిట్ల యంత్రానికి మెట్లు 65,536. పైనుంచి కిందివరకు సుమారు 96 డెసిబెల్స్. ఒక్కో బిట్ 6 డెసిబెల్స్ చొప్పున, భయపడి 30 డెసిబెల్స్ కింద రికార్డు చేస్తే ఐదు బిట్లు వాడకుండా వదిలేసినట్టే. పైకి పెడితే కప్పు, కిందికి పెడితే గరుకు.

ఇంకో చిక్కు. ఈ చిన్న యంత్రాల్లో అంకెలుగా మార్చే భాగం బాగానే ఉండేది గాని, మైకు గుచ్చే చోట పెట్టిన ఆంప్లిఫయరు చవకబారుది. ముసలావిడ మామూలుగా మాట్లాడితే మూరెడు దూరంలో సుమారు 60 డెసిబెల్స్. దానికి మామూలు డైనమిక్ మైకు ఇచ్చేది 40 మైక్రోవోల్టులు. స్టూడియో లైన్ స్థాయి 1.23 వోల్టులు. ముప్పై వేల రెట్ల తేడా. ఆ దారిలో ప్రతి మజిలీలోనూ ఆంప్లిఫయరు తన సొంత ఉస్సు కొంత కలుపుతుంది. బెల్ ప్రయోగశాలలోనే పనిచేసిన హెరాల్డ్ ఫ్రీస్ 1944లో రేడియో రిసీవర్ల గురించి రాస్తూ దీనికి లెక్క కట్టాడు. వరసలో మొదటి మజిలీ ఎంత పెంచితే, ఆ తర్వాతి మజిలీల మోత అంత అణిగిపోతుంది. మొదటి డబ్బా శుభ్రమైనదై, అది వంద రెట్లు పెంచితే, రెండో డబ్బా ఉస్సు అంతలో వందో వంతు. పొలానికి నీళ్ళు పెట్టేవాళ్ళకి ఇది కొత్త కాదు, మొదటి మడవ దగ్గర బురద కలిస్తే చివరి మడిదాకా బురదే.

అందుకే పల్లెల్లో తిరిగి పాటలు, పక్షుల కూతలు పట్టేవాళ్ళు రికార్డరుకి తోడు ఒక విడి ప్రీఆంప్ డబ్బా మోయటం మొదలుపెట్టారు. మైకు దానికి, అది రికార్డరుకి. దాంతో నాబ్‌లు రెండయ్యాయి. ఏది ఎంత?

ఇక్కడ ఒక మాయ ఉంది, చాలామందికి బోధపడనిది. చాలా చిన్న రికార్డర్లలో లెవెల్ నాబ్ మొదటి ఆంప్లిఫయరు తర్వాత ఉంటుంది, ముందు కాదు. ప్రీఆంప్ నుంచి వచ్చిన పెద్ద శబ్దాన్ని మైకు రంధ్రంలో గుచ్చితే ఆ మొదటి ఆంప్లిఫయరే పగిలిపోతుంది. ఆ తర్వాత నాబ్ ఎంత తగ్గించినా పగిలినదాన్నే తగ్గిస్తున్నాం. మీటరు ముల్లు బుద్ధిగా మధ్యలో ఊగుతూ ఉంటుంది, వినబడేది మాత్రం పెంకు మీద గీకినట్టు. కంప్యూటర్లో తెరిచి చూస్తే అల తలలు సున్నాకి ఎంతో కిందనే చదునుగా కోసేసి ఉంటాయి. అది చూశారంటే తప్పు వెనక నాబ్‌ది కాదు, ముందు రంధ్రానిది. ప్రీఆంప్ వెళ్ళాల్సింది లైన్ రంధ్రంలోకి. లైన్‌లోనూ రెండు కులాలున్నాయి. స్టూడియో సామాను 1.23 వోల్టులు, ఇంటి సామాను 0.316 వోల్టులు. దాదాపు నాలుగు రెట్లు, అంటే 12 డెసిబెల్స్. ఇది తెలియక ఒకదాన్ని ఇంకొకదానికి తగిలించి నాబ్‌ల మీద విసుక్కునేవాళ్ళు కోకొల్లలు.

పాత రేడియో ఇంజనీర్లు దీనికి చేసిన పరిష్కారం నాకు ఇప్పటికీ అన్నిటికన్నా నచ్చుతుంది. ప్రీఆంప్‌లోంచి 1,000 హెర్ట్జ్ స్వరం ఒకటి పంపండి. దాని ముల్లు సున్నా దగ్గర ఉన్నప్పుడు రికార్డరు మీద మైనస్ 20 వచ్చేలా రికార్డరు నాబ్ తిప్పండి. అమెరికాలో మైనస్ 20, యూరప్‌లో మైనస్ 18 ఆనవాయితీ. అక్కడితో రికార్డరు నాబ్ మీద ఒక ముక్క టేపు అంటించి దాని సంగతి మరిచిపోండి. ఇక తిప్పేది ప్రీఆంప్ నాబ్ ఒక్కటే. చూడాల్సింది ఒక్క ముల్లు. రెండు కళ్ళూ ఎదుటి మనిషి మీద ఉంచుకోవచ్చు, ముసలివాళ్ళు యంత్రం వంక చూసేవాడితో మాట్లాడరు.

ఆ ప్రీఆంప్ నాబ్ ఎంత? రేడియోవాళ్ళు ఎప్పటినుంచో 'పొద్దున ఏం తిన్నారు' అని అడిగి లెవెల్ చూసుకుంటారు. మనవాళ్ళ దగ్గర అది పనికిరాదు. ఏం తిన్నారంటే మొహమాటంతో 'ఏదో, ఇంత ఉప్మా' అని గొణుగుతారు. కథలో పడ్డాక దానికి మూడు నాలుగు రెట్లు లేస్తారు. నేను అడిగేది వేరే: "అత్తయ్యగారూ, పొలం గట్టుమీద ఉన్న మీ తమ్ముణ్ణి అన్నానికి ఎలా పిలిచేవారో ఒక్కసారి పిలవండి." నవ్వుతారు, సిగ్గుపడతారు, పిలుస్తారు. ఆ పిలుపు మైనస్ 6 దాటకుండా పెట్టి వదిలేస్తే ఇక రెండు గంటలూ నాబ్ ముట్టుకోనక్కర్లేదు.

ముట్టుకోకపోవటం ఎందుకు ముఖ్యమో చెబుతాను. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఎనభై దాటాయి, కొడుకింట్లో కూర్చుని దొర గడీ సంగతులు గడగడా చెబుతోంది. ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి ఉంచాం. (మళ్ళీ పెట్టడం మరిచిపోకుండా కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టటం సినిమా శబ్దం పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న కిటుకు.) మాటల్లో మాటగా "నా పెద్దబిడ్డ అప్పుడే పోయింది బిడ్డా" అంది. ఆ ఇంట్లో అలాంటి బిడ్డ ఒకతె ఉండేదని కొడుక్కే తెలియదు. అక్కడ ఆవిడ గొంతు మైనస్ 18 నుంచి మైనస్ 45కి పడిపోయింది. నాలుగు నిమిషాలు అలాగే ఉంది. తర్వాత తనే తేరుకుని మళ్ళీ గడీలోకి వెళ్ళింది.

ఫైలు ఇచ్చిన వారానికి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, అక్కడ సరిగా వినబడట్లేదు. కొంచెం పెంచి ఇయ్యరాదే?" పెంచటం నిమిషం పని. 24 బిట్లలో పట్టింది కాబట్టి పెంచినా గరుకు రాదు. పెంచి ఒక కాపీ ఇచ్చాను, మొదటిది కూడా పారేయకని చెప్పాను. నెల తర్వాత, పెంచింది వింటే అమ్మ ఎవరికో ఉపన్యాసం ఇచ్చినట్టుంది, పాతదే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నానన్నాడు. తీసిన దగ్గరే మనం సర్ది ఉంటే అతనికి ఎంచుకోవటానికి రెండు ఉండేవి కావు.

24 బిట్లంటే 1,67,77,216 మెట్లు, లెక్క ప్రకారం 144 డెసిబెల్స్. ఏ మైకూ, ఏ ప్రీఆంపూ అంత నిశ్శబ్దంగా ఉండవు కాబట్టి అడుగు మెట్లలో ఉండేది ఎలాగూ ఉస్సే. అంటే టేపు తరం చెప్పిన 'వీలైనంత పైకి పెట్టు' అన్న మాటకి కాలం చెల్లింది. అయినా ఇప్పటికీ సున్నాని ముద్దుపెట్టుకునేలా లెవెల్ పెట్టి, సరిగ్గా పాట ఎత్తుకున్నచోట పగలగొట్టుకునేవాళ్ళు కనబడుతూనే ఉంటారు. యంత్రం మారినంత త్వరగా చేతి అలవాటు మారదు.

2019లో 32 బిట్ల ఫ్లోట్ రికార్డర్లు మోసుకెళ్ళే సైజులో వచ్చాయి. లోపల తక్కువ శబ్దానికొకటి, ఎక్కువ శబ్దానికొకటి రెండు మార్పిడి భాగాలు. రెంటినీ కలిపి రాస్తారు. లెవెల్ పెట్టనే అక్కర్లేదని ప్రకటనలు. చాలావరకు నిజమే, కేక వేసినా గుసగుసలాడినా తర్వాత సర్దుకోవచ్చు, పైగా క్యాసెట్టులాగా ఎత్తుపల్లాల్ని చదును చేయదు. కానీ రికార్డరుకి ముందు ఒక ప్రీఆంప్ పెట్టి అక్కడే పగలగొడితే ఏ ఫ్లోటూ తిరిగి తేలేదు, మైకే పగిలినా అంతే. వాటిని కొన్న మిత్రులకి నేను చెప్పేది, ప్రీఆంప్ ఇంట్లో పెట్టి మైకు సూటిగా అందులో గుచ్చమని, ఫ్రిజ్ మాత్రం ఆపమని.

నేను ఇంకా పాత రెండు డబ్బాలతోనే తిరుగుతున్నాను. ప్రతి రికార్డింగుతో పాటు ఒక చీటీ రాసి దాని ఫోటో కూడా ఫైళ్ళలో పడేస్తాను. మైకు ఏది, ఎంత దూరం, గెయిన్ ఎంత అన్నది తెలిస్తే, వినేవాళ్ళు ఎవరైనా ఆ మనిషి ఆ రోజు ఆ గదిలో ఎంత గట్టిగా మాట్లాడిందో లెక్క కట్టుకోవచ్చు. మొన్న శనివారం చీటీ మీద ఇలా ఉంది: మొదట 30 సెకన్లు స్వరం. మైకు నోటికి రెండు జానల దూరం, కొంచెం పక్కకి. ప్రీఆంప్ 44. రికార్డరు నాబ్ కదపలేదు. ఫ్రిజ్, ఏసీ ఆపాము. ఇరవయ్యో నిమిషంలో పక్కింటి కుక్క. 52 దగ్గర పెద్దమ్మగారు లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణించి పాడుతున్నారు. గెయిన్ పెంచలేదు.